గండికోట గుట్టల్లో కల్పిత దళాన్ని దింపాలంటే: క్యూజీఐఎస్‌తో స్థలం ఎంచే పద్ధతి, అడుగడుగునా

నేల చదును, ఇళ్లు లేవు, రోడ్డు దగ్గరే, ఇంకేం కావాలి? జీఐఎస్ (కంప్యూటర్ మీద మ్యాపు లెక్కల) ప్రాజెక్టు చేసే విద్యార్థులు, మ్యాపు మీద యుద్ధం ఆటలాడేవాళ్లు, సైనిక నేపథ్యంలో నవల రాసుకునేవాళ్లు హెలికాప్టర్ దిగే చోటును ఎక్కువగా ఈ లెక్కతోనే ఎంచుతారు. అలా మ్యాపు సరేనని చూపిన పచ్చటి ముక్క మీద జూమ్ చేస్తే తీరా అది చెరువో, సోలార్ పలకల వరసో, నాపరాళ్ల గనో అవుతుంది.

అందుకే ఈ పద్ధతిలో ముందు కోత, తర్వాతే మార్కులు. దిగలేని చోట్లన్నీ కొట్టేశాక మిగిలినవాటికే మార్కులు వేస్తాం. ఉదాహరణకు కడప జిల్లాలో గండికోట, జమ్మలమడుగు చుట్టుపక్కల నేల తీసుకున్నాం. అక్కడ లోయ, గుట్ట, రేగడి చేను, ఇసుక ఏరు, జలాశయం అన్నీ మ్యాపు మీద గీసిన ఒకే పెట్టెలో దొరుకుతాయి.

## 1. ముందు కథను ఒక పేజీలో తేల్చుకోండి

కంప్యూటర్ తెరవకముందే ఇవి కాగితం మీద ఉండాలి. తర్వాత వచ్చే ప్రతి అంకె వీటి నుంచే వస్తుంది.

- ఎవరు: దిగేది నీలి దళం, కాపలా కాసేది ఎర్ర దళం. నిజమైన దేశాలు, సంస్థలు, రక్షణ స్థావరాలు కథలోకీ రాకూడదు, మ్యాపులోకీ రాకూడదు.
- ఎంతమంది: 120 మంది. హెలికాప్టర్‌కు 15 మంది చొప్పున నాలుగు హెలికాప్టర్లు, రెండు విడతలు.
- ఎలాంటి హెలికాప్టర్: మధ్యరకం. ఒక్కొక్కటి దిగడానికి 50 మీటర్ల వ్యాసం గల ఖాళీ వృత్తం.
- ఎక్కడికి: ఒక గుట్ట మీద ఉందనుకున్న ఎర్ర దళం చౌకీ. మూడు గంటల నడకలో చేరాలి.
- ఎప్పుడు: నెల, వేళ.

చాలామంది వదిలేసేది ఆ చివరిదే. రాయలసీమలో మే నెల నేల ఒకటి, అక్టోబరు నేల ఇంకొకటి. మేలో చేలు ఖాళీ, దుమ్ము విపరీతం. అక్టోబరులో అదే రేగడి కాలు పెడితే మోకాలిదాకా బురద.

ఎండ దెబ్బ హెలికాప్టర్‌కూ తగులుతుంది. సముద్ర మట్టానికి 300 మీటర్ల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. మేలో 42 ఉంటే తేడా 29 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 36.6 మీటర్ల లెక్కన గాలి పలచబడి, ఇంజను దృష్టిలో ఆ చోటు దాదాపు 1,360 మీటర్ల ఎత్తున ఉన్నట్టే. మోసే బరువు తగ్గుతుంది, విడతలు పెరుగుతాయి. కథలో రెండు విడతలని రాసి నెల మే అని పెడితే, మనుషుల లెక్క మళ్లీ చూసుకోవాలి.

## 2. సరంజామా

- క్యూజీఐఎస్ (ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్) 3 వరసలో స్థిరమైన వెర్షన్. గ్రాస్ (ఇంకో జీఐఎస్ పనిముట్ల మూట) తోడుగా ఉన్న ఇన్‌స్టాలరే తీసుకోండి, తొమ్మిదో మెట్టులో అది కావాలి.
- ఎత్తుల రాస్టర్, అంటే పిక్సెళ్ల గళ్లలో ఎత్తులున్న పొర (డెమ్): కోపర్నికస్ 30 మీటర్లది. దొరక్కపోతే ఎస్ఆర్‌టీఎం.
- నేల మీద ఏముందో చెప్పే పొర: ఈఎస్ఏ వరల్డ్‌కవర్ 2021, 10 మీటర్లది.
- సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు మూడు: మే, అక్టోబరు, జనవరి. మబ్బు లేనివి.
- ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లు, కరెంటు లైన్లు, కట్టడాలు: క్విక్‌ఓఎస్ఎం ప్లగిన్‌తో.
- సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్. పాత నంబర్ల లెక్కలో గండికోట, జమ్మలమడుగు రెండూ 57 జె/5లో పడతాయి.

డేటా పలకల (టైల్స్) పేర్లలో తికమక పడకండి. ఎస్ఆర్‌టీఎంలో ఒక్కో పలక ఒక డిగ్రీ. ఉత్తరం 14, తూర్పు 78 అని పేరున్న పలకలో గండికోట, కడప, ప్రొద్దుటూరు వస్తాయి. అనంతపురానికి తూర్పు 77ది, కర్నూలుకు ఉత్తరం 15, తూర్పు 78ది. వరల్డ్‌కవర్ పలక మాత్రం మూడు డిగ్రీలది. కడపకు కావలసింది ఉత్తరం 12, తూర్పు 78.

ఇస్రోవాళ్ల భువన్ సైటులో దొరికే కార్టోడెమ్ కూడా బాగానే పనిచేస్తుంది. కానీ దాని ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) నుంచి, ఎస్ఆర్‌టీఎం ఎత్తులు జియాయిడ్ (సగటు సముద్ర మట్టం) నుంచి. మన ప్రాంతంలో ఈ రెంటికీ తేడా 80 మీటర్ల పైచిలుకు. సగం పెట్టెకు అది, సగానికి ఇది అతికిస్తే మధ్యలో 80 మీటర్ల గోడ లేస్తుంది.

ఫోల్డరు, ఫైలు పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు వద్దు. కొన్ని పనిముట్లు వాటికి అడ్డం తిరిగి, కారణం చెప్పకుండా ఆగిపోతాయి.

## 3. పెట్టె గీసి, అన్నిటినీ ఒకే కొలతలోకి తేవడం

అధ్యయనం పెట్టె: ఉత్తరం 14.75 నుంచి 14.95, తూర్పు 78.15 నుంచి 78.45. అంటే నిలువున దాదాపు 22 కిలోమీటర్లు, అడ్డంగా 32. చుట్టూ ఇంకో 5 కిలోమీటర్లు అదనంగా కత్తిరించుకోండి. అంచున ఉన్న గుట్ట పెట్టె బయట ఉందని చూపుకు అడ్డం రాకుండా పోదు కదా. ఆ అంచుతో కలిపినా ఒకే ఎస్ఆర్‌టీఎం పలకలో సరిపోతుంది.

1. డెమ్‌ను అంచుతో సహా క్లిప్ చేయండి.
2. వార్ప్ పనిముట్టుతో యూటీఎం 44 ఉత్తరానికి (మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి, కోడు ఈపీఎస్‌జీ 32644) మార్చండి. పిక్సెల్ 30 మీటర్లు, పద్ధతి బైలీనియర్ (చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు).
3. వరల్డ్‌కవర్‌నూ అదే కొలతకు తెండి. పిక్సెల్ 10 మీటర్లు, పద్ధతి నియరెస్ట్ నైబర్ (దగ్గరి పిక్సెల్ విలువే).
4. వెక్టర్ (గీతలు, హద్దుల) పొరలన్నిటినీ రీప్రాజెక్ట్ చేసి, వెంటనే ఫిక్స్ జామెట్రీస్ నడపండి.

రెండో అడుగు వదిలేస్తే ఏమవుతుంది? డిగ్రీల్లో ఉన్న డెమ్ మీద వాలు లెక్కిస్తే జిల్లా మొత్తం 89 డిగ్రీల గోడలా వస్తుంది. అడ్డం డిగ్రీల్లో, నిలువు మీటర్లలో ఉండటమే కారణం.

మూడో అడుగులో బైలీనియర్ వాడితే ఇంకో వింత. వరల్డ్‌కవర్‌లో పంట చేను సంకేతం 40, బోడి నేల 60, కట్టడాలు 50. చేనుకూ బీడుకూ మధ్య గట్టు మీద కంప్యూటర్ సగటు తీసి 50 రాస్తుంది. ఊరు లేని చోట సన్నటి ఊళ్లు మొలుస్తాయి.

అనంతపురంవాళ్లకు ఒక మాట. తూర్పు 78 డిగ్రీల రేఖ దగ్గర యూటీఎం మండలం మారుతుంది. అనంతపురం, గుత్తి 43లో, కడప 44లో, తాడిపత్రి, కర్నూలు సరిగ్గా గట్టు మీద. పెట్టె రెండు వైపులా పడితే ఏదో ఒక మండలమే ఎంచుకుని మొత్తం అందులోనే చేయండి. అంచు దగ్గర వచ్చే కొలత తేడా కిలోమీటరుకు ఒక మీటరు కూడా ఉండదు. సగం పొరలు 43లో, సగం 44లో ఉంటేనే పని చెడుతుంది.

## 4. వాలు

డెమ్ మీద స్లోప్ పనిముట్టు నడిపి, శాతంలో ఇవ్వమని టిక్ పెట్టండి. సైనిక శిక్షణ పుస్తకాల్లో హెలికాప్టర్ దిగే నేలకు సాధారణంగా వాడే హద్దులు ఇవి:

- 7 శాతం లోపు: ఇబ్బంది లేదు
- 7 నుంచి 15 శాతం: జాగ్రత్తగా దిగొచ్చు
- 15 దాటితే: చక్రాలు ఆనించకూడదు

ఇక్కడ డిగ్రీలనూ శాతాన్నీ కలిపేసేవాళ్లు ఎక్కువ. 7 డిగ్రీలంటే 12.3 శాతం. 7 శాతమంటే 4 డిగ్రీలు. పొర పేరులోనే శాతమని రాసిపెట్టుకుంటే రెండు వారాల తర్వాత తల గోక్కోనక్కర్లేదు.

వాలు లెక్కకు కంప్యూటర్ మూడు అడ్డం, మూడు నిలువు పిక్సెళ్లు, అంటే 90 మీటర్ల చదరం చూస్తుంది. ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు వంక అందులో కలిసిపోతుంది. అనంతపురం వైపు గుండ్లూ అంతే. ఇల్లంత బండరాయి ఉన్నా మ్యాపు మాత్రం 3 శాతం వాలు అంటుంది. కాబట్టి వాలు పొర ఒప్పుకున్న చోటు ఇంకా అనుమానితుల జాబితాలోనే ఉన్నట్టు.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. ఈ డెమ్‌లు చెట్ల తలలను, ఇళ్ల కప్పులను కూడా నేలగానే కొలుస్తాయి. చీనీ తోట, మామిడి తోట అంచున లేని గట్టు కనబడుతుంది. తోటను ఎలాగూ కొట్టేస్తాం కాబట్టి ఇది పెద్ద నష్టం కాదు, ఆ అంచును నిజమైన గట్టని నమ్మకపోతే చాలు.

వాలు 30 మీటర్ల డెమ్ మీదే లెక్కించి, ఆ తర్వాతే 10 మీటర్ల పిక్సెళ్లకు మార్చండి. ముందే డెమ్‌ను 10కి చీల్చి వాలు తీస్తే కొత్త వివరం ఏమీ రాదు, మెట్లు మెట్లుగా చారలు వస్తాయి.

## 5. కోత: దిగలేని చోట్లు

మొత్తం పనిలో సగం సమయం ఇక్కడే పెట్టండి. ప్రతి అడ్డంకికీ ఒక రాస్టర్ చేయండి. దిగొచ్చు అంటే 1, వద్దంటే 0. చివర అన్నిటినీ రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో గుణించండి. ఒక్క సున్నా ఉన్నా ఆ పిక్సెల్ పోతుంది.

మార్కుల పద్ధతి ఒక్కటే చాలదా అని చాలామంది అడుగుతారు. ఒక చెరువు తీసుకుని చూడండి. ఐదు మార్కుల లెక్కలో వాలుకు 5, చుట్టూ ఖాళీకి 5, నేల గట్టితనానికి 1, దూరానికి 4, మరుగుకు (చౌకీ కంట పడకపోవడానికి) 4. బరువులు వరసగా 30, 25, 15, 15, 15 శాతం అయితే మొత్తం 4.1. ఐదుకు 4.1 తెచ్చుకున్న చెరువు! నీళ్లున్నాయన్న సంగతి 15 శాతం బరువులో మునిగిపోయింది. అందుకే కోత వేరు, మార్కులు వేరు.

నీళ్లు. సెంటినెల్-2లో ఆకుపచ్చ పట్టీ (బి3) నుంచి సమీప పరారుణ పట్టీని (బి8) తీసేసి, రెంటి మొత్తంతో భాగించండి. సున్నా కన్నా ఎక్కువ వచ్చినవి సాధారణంగా నీళ్లు. మూడు నెలల్లో ఏ ఒక్క నెలలో నీళ్లు కనబడినా 0 వేయండి.

డెమ్ వయసు గుర్తుంచుకోవాల్సింది ఇక్కడే. ఎస్ఆర్‌టీఎం కొలిచింది 2000 ఫిబ్రవరిలో. అప్పటికి గండికోట జలాశయం లేదు. ఆ డెమ్‌లో లోయ అడుగు చక్కటి చదును నేల. ఇవాళ అక్కడ ఉన్నది నీళ్లు. కోపర్నికస్ డెమ్‌కు ఆధారం 2011 నుంచి 2015 మధ్య కొలతలు. జలాశయం పూర్తిగా నిండింది ఆ తర్వాతే.

పెన్న ఇసుక. మ్యాపుకు పెన్న ఏటి ఇసుక మహా ఇష్టం. వాలు 1 శాతం, చెట్టు లేదు, స్తంభం లేదు. కానీ రెక్కల గాలికి ఇసుక లేచి, చివరి పది మీటర్లలో నడిపేవాడికి నేల కనబడదు. పైన ఆనకట్ట గేట్లు ఎత్తితే సరేసరి. ఇసుక మేటలను చేత్తో గీసి కొట్టేయండి.

చెట్లు, కంప. వరల్డ్‌కవర్‌లో 10 చెట్లు, 20 పొదలు. రెండూ 0. రెండేళ్లు బీడు పెట్టిన నేలను కంపచెట్లు మింగేస్తాయి కాబట్టి 2021 పొరను కొత్త చిత్రంతో సరిచూసుకోవాలి.

సోలార్, గాలిమరలు. మైలవరం వైపు గానీ, కర్నూలు ఓర్వకల్లు దగ్గర గానీ సోలార్ పలకలు పరిచిన నేల మ్యాపు కంటికి చదునైన ఖాళీ జాగా. ఇళ్లు లేవు, రోడ్డుంది, వాలు లేదు. ఈ జిల్లాల్లో లెక్క వేస్తే మొదటి ర్యాంకు తరచూ వీటికే వస్తుంది. హద్దులు చేత్తో గీయాల్సిందే.

నాపరాళ్ల గనులు. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనులు ఏటేటా పెరుగుతాయి. గుంత ఒక ఎత్తు, పక్కన పోసిన రాతి ముక్కల గుట్ట ఇంకో ఎత్తు. ఉపగ్రహ చిత్రంలో బూడిద రంగు గళ్లు గళ్లుగా కనబడే ప్రతిదాన్నీ గీయండి.

కరెంటు తీగలు. అన్నిటికన్నా ప్రమాదం వీటితోనే, మ్యాపుల్లో అన్నిటికన్నా తక్కువగా ఉండేవీ ఇవే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెద్ద టవర్ లైన్లు బాగానే దొరుకుతాయి. బోరు మోటార్లకు వెళ్లే 11 కేవీ లైన్లు చాలా చోట్ల ఉండవు. రాయలసీమలో బోరు ఉన్న ప్రతి చేనుకూ ఒక లైను ఉంటుందనే అనుకుని వెతకండి. తీగ కనబడదు గానీ స్తంభాల నీడలు వరసగా చుక్కల్లా కనబడతాయి, వరస కొసన ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఉంటుంది.

ఎంత దూరం వదలాలి? వచ్చే దిక్కులో అడ్డంకి ఎత్తుకు పదింతలన్నది వాడుకలో ఉన్న లెక్క.

- 9 మీటర్ల స్తంభం: 90 మీటర్లు
- 12 మీటర్ల చెట్టు: 120
- 40 మీటర్ల టవర్: 400
- రెక్క కొస 120 మీటర్లకు చేరే గాలిమర: 1,200

అయితే ఈ దూరాలను అన్ని వైపులా బఫర్ చేస్తే (చుట్టూ వలయంలా పెంచి కొట్టేస్తే) జమ్మలమడుగు మండలంలో కర్చీఫ్ పరచడానికి కూడా చోటు మిగలదు. తీగలకు, చెట్లకు అన్ని వైపులా 30 మీటర్లే కోత పెట్టండి. పదింతల పరీక్ష ఏడో మెట్టులో, వచ్చే దారికీ వెళ్లే దారికీ మాత్రమే.

కోత ముగిసేసరికి చూసుకోవలసినవి:

- ప్రతి రాస్టర్‌లో 0, 1 తప్ప వేరే విలువ లేదు
- డేటా లేని పిక్సెళ్లు 0 కింద నిండాయి, 1 కింద కాదు
- అన్నిటి పిక్సెల్ సైజు, మూలలు ఒకటే
- చేత్తో గీసిన ప్రతి హద్దుకూ చిత్రం తేదీ రాసి ఉంది

## 6. ఆకారం: హెక్టార్లు మోసం చేస్తాయి

మిగిలిన 1లను సీవ్‌తో శుభ్రం చేసి (చిల్లర పిక్సెళ్లు తీసేసి) పాలిగనైజ్ చేయండి, అంటే హద్దులున్న ముక్కలుగా మార్చండి. వందల ముక్కలు వస్తాయి. విస్తీర్ణం చూసి పెద్దవి ఎంచితే దెబ్బతింటారు. పది మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవున్న బండిబాట కూడా ఒక హెక్టారే.

1. ప్రతి ముక్కకూ మైనస్ 25 మీటర్ల బఫర్ ఇవ్వండి. 50 మీటర్ల వృత్తం పట్టనివన్నీ మాయమవుతాయి.
2. మిగిలినవాటికి ప్లస్ 25 ఇచ్చి తిరిగి పెంచండి.
3. మల్టీపార్ట్ టు సింగిల్‌పార్ట్స్ నడపండి. మొదటి బఫర్‌కు మెడ తెగి విడిపోయిన ముక్కలు వేరువేరు వరసలవుతాయి.
4. ఓరియెంటెడ్ మినిమమ్ బౌండింగ్ బాక్స్ తీసి పొడవు, వెడల్పు, కోణం చూడండి.

నాలుగు హెలికాప్టర్లు ఒకేసారి వరసలో దిగాలంటే కనీసం 200 మీటర్ల పొడవు, 50 వెడల్పు. అంత దొరక్కపోతే రెండేసి దింపి, విడతలు నాలుగు చేయాలి. దానితో నేల మీద గడిపే సమయం పెరుగుతుంది, కథా మారుతుంది. నవలాకారులకు ఇది మంచి చిక్కే.

30 మీటర్ల పిక్సెళ్లతోనే ఈ మెట్టు చేస్తే 50 మీటర్ల వృత్తంలో పట్టేవి రెండు పిక్సెళ్లు. 10 మీటర్లతో దాదాపు 20. ముక్కలు చేయకముందు 10 మీటర్లకు మార్చమన్నది ఇందుకే.

## 7. గాలి, వచ్చే దారి

హెలికాప్టర్ గాలికి ఎదురుగా దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి పడమటి నుంచి. అంటే రావడం తూర్పు నుంచి, లేచి పోవడం పడమటికి.

ప్రతి ముక్క నడుమ ఒక చుక్క పెట్టి, క్రియేట్ వెడ్జ్ బఫర్స్ పనిముట్టుతో రెండు విసనకర్రలు గీయండి. ఒకటి 90 డిగ్రీల దిక్కుకు, ఒకటి 270కి. వెడల్పు 30 డిగ్రీలు, పొడవు 500 మీటర్లు. లోపల పడిన ప్రతి స్తంభం, చెట్టు, టవర్ దూరాన్ని దాని ఎత్తుతో భాగించండి. 10 కన్నా తక్కువ వస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

500 మీటర్ల విసనకర్ర 50 మీటర్ల ఎత్తు అడ్డంకుల దాకానే సరిపోతుంది. దగ్గర్లో గాలిమరలుంటే 1,200కి పెంచండి. గుట్టలను మరవొద్దు: అదే విసనకర్రలో డెమ్ గరిష్ఠ ఎత్తును జోనల్ స్టాటిస్టిక్స్‌తో తీసి, ముక్క ఎత్తుతో పోల్చండి.

## 8. మిగిలినవాటికి మార్కులు

ఇప్పటికి పది, ఇరవై ముక్కలు మిగిలి ఉంటాయి. వీటికే ఐదో మెట్టులో చెరువుకు వేసి చూసిన ఐదు అంశాల మీద 1 నుంచి 5 మార్కులు.

నేల గట్టితనం గురించి ఒక్క మాట. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చి గట్టిగా ఉంటుంది, వానకు జిగురవుతుంది. అనంతపురం ఎర్రనేల, గరుసు నేల వాన ఆగిన కాసేపటికే ఆరుతుంది గానీ ఎండలో దుమ్ము దులిపేస్తుంది. కాబట్టి మేకు ఒక మార్కుల పట్టిక, అక్టోబరుకు ఒకటి.

మరుగు కోసం చౌకీ చుక్క నుంచి వ్యూషెడ్ (అక్కడి నుంచి ఏ నేల కనబడుతుందో చెప్పే లెక్క) నడపండి. చూసేవాడి ఎత్తు 1.6 మీటర్లు, కావలి గోపురం ఉందనుకుంటే దానిదీ కలపండి. వ్యాసార్ధం 10 కిలోమీటర్లు. భూమి వంపు టిక్ తప్పనిసరి: అంత దూరంలో నేల దాదాపు 8 మీటర్లు కిందికి జారుతుంది. రెండుసార్లు నడపండి, ఒకసారి లక్ష్యం ఎత్తు 2 మీటర్లతో, ఇంకోసారి 30తో. దిగాక గుట్ట చాటున ఉండే హెలికాప్టర్ దిగకముందు అందరికీ కనబడుతుంది. శబ్దం సంగతి వ్యూషెడ్ చెప్పదు.

బరువులు సరైనవో కావో తేల్చడానికి ఒక్కో బరువునూ పది శాతం పెంచి, ఇంకోదాన్ని తగ్గించి ఐదారుసార్లు నడపండి. ప్రతిసారీ మొదటి ఐదింట్లో నిలిచిన ముక్కనే నమ్మొచ్చు.

## 9. అక్కడి నుంచి చౌకీకి నడక

గ్రాస్‌లోని ఆర్.వాక్ (నడక సమయం లెక్కించే పనిముట్టు) వాడండి. చదును నేల మీద మీటరుకు 0.72 సెకన్లు దాని లెక్క, అంటే గంటకు 5 కిలోమీటర్లు. బరువు మోస్తూ బాట లేని చేలలో నడిచేవాళ్లకు ఘర్షణ పొరలో 0.5 కలపండి, గంటకు దాదాపు 3 అవుతుంది. నాలుగు కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలు.

ఘర్షణ పొరలో పెట్టేది మీటరుకు అదనపు సెకన్లు. తెలియక 1 నుంచి 5 మార్కుల పొరనే పెట్టేస్తే, 5 ఉన్న చోట కిలోమీటరుకు ఐదు వేల సెకన్లు కలిసి దళం మర్నాడు చేరుతుంది.

గండికోట లోయ గోడలు ఇంకో ఉచ్చు. 30 మీటర్ల డెమ్ నిట్టనిలువు రాతిగోడను నున్నటి వాలుగా మార్చేస్తుంది, దారి నేరుగా అందులోంచి దిగి పెన్న దాటి ఎక్కేస్తుంది. వాలు 30 డిగ్రీలు (దాదాపు 58 శాతం) దాటిన పిక్సెళ్లనూ, నీళ్లనూ డేటా లేనివిగా మార్చి మళ్లీ నడపండి.

## 10. కంటితో పరీక్ష

మొదటి ఐదు ముక్కలను ఒక్కొక్కటిగా గూగుల్ ఎర్త్ ప్రోలో తెరిచి, పాత తేదీల చిత్రాలు కనీసం మూడు చూడండి. ఒక ముక్కతో ఎలా చేయాలో చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే.

ముక్క 14. విస్తీర్ణం 6 హెక్టార్లు, సగటు వాలు 2 శాతం, పొడవు 380 మీటర్లు, వెడల్పు 160. మేలో ఖాళీ చేను, జనవరిలో శనగ. మార్కుల్లో మొదటిది.

దగ్గరికి వెళితే చేను నడుమ సన్నటి గీత, దాని పక్కనే సమాన దూరాల్లో నాలుగు నల్లటి చుక్కలు. గీత బాట, చుక్కలు స్తంభాల నీడలు. నాలుగో చుక్క దగ్గర చిన్న గది, బోరు మోటారుది. లైను ముక్కను రెండుగా కోసింది. రెండు వైపులా 30 మీటర్లు కొట్టేస్తే వెడల్పు 160లో 60 పోయి, 70 ఒకవైపు, 30 ఒకవైపు మిగిలాయి. ఇంకో తేదీ చిత్రంలో ఆ 70 వైపు చదరంగా ముదురు రంగు గుంత, నీటి కుంట. కుంట పోగా మిగిలింది 110 మీటర్ల పొడవు. రెండు హెలికాప్టర్లకే చోటు. మొదటి ర్యాంకు ముక్క ప్రత్యామ్నాయం స్థానానికి దిగింది.

ప్రతి ముక్కకూ ఈ చిట్టా:

- స్తంభాల నీడలు, మోటారు గది, ట్రాన్స్‌ఫార్మర్
- ముళ్లకంచె, రాతి కూసాలు
- నీటి కుంట, తవ్విన కాలువ, పాడుబడ్డ బావి
- డ్రిప్పు పైపులు, పందిరి తోట
- ఆరబోసిన పంట, గొర్రెల మంద దిగే జాగా
- సమాధులు, గుడి, మసీదు, దర్గా

చివరివాటిలో చిన్నవాటికి మ్యాపులో గుర్తు ఉండకపోవచ్చు, ఊళ్లో అడిగితేనే తెలుస్తుంది.

నేలను స్వయంగా చూసే వీలుంటే పగటిపూట, చేను గలవాళ్లను అడిగి, ఏం ప్రాజెక్టో చెప్పి వెళ్లండి. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో పది మీటర్ల దూరంలో ఎత్తు తేడా కొలిస్తే వాలు చేతికొస్తుంది: 70 సెంటీమీటర్లు వస్తే 7 శాతం. నాలుగు మూలలు, నడుమ, మొత్తం ఐదు చోట్ల చాలు. అనుమతి తీసుకోకుండా డ్రోను ఎగరేయొద్దు.

## 11. ఏం కనబడితే ఏం సరిచేయాలి

- జిల్లా మొత్తం నిట్టనిలువు: డెమ్ డిగ్రీల్లోనే ఉంది. వార్ప్ చేసి వాలు మళ్లీ తీయండి.
- ఫలితం మొత్తం ఖాళీ: ఏదో ఒక కోత పొర పూర్తిగా 0. ఒక్కోదాన్నీ తీసేసి గుణిస్తూ పోతే దొంగ దొరుకుతుంది.
- పొరలు వంద, రెండొందల మీటర్లు పక్కకు జరిగాయి: పాత టోపోషీట్‌కు ఎవరెస్ట్ డేటమ్ (అప్పటి భూమి కొలతల ఆధారం) ఉంటుంది. దాన్ని డబ్ల్యూజీఎస్ 84గా చదివించారు.
- ప్రాక్సిమిటీ (దూరం లెక్కించే పనిముట్టు)లో దూరాలన్నీ 255 దగ్గర ఆగిపోయాయి: ఔట్‌పుట్ రకం బైట్‌లో ఉంది. ఫ్లోట్32 పెట్టండి.
- చెరువు మధ్యలో ముక్క: ఎండాకాలం చిత్రం ఒక్కటే వాడారు.

## 12. మ్యాపు బయటికి ఇచ్చేముందు

ఒక ప్రధాన స్థలం, రెండు ప్రత్యామ్నాయాలు చూపండి. మూడూ ఒకే వంక పక్కన ఉండకూడదు, ఒక్క వానకు మూడూ పోతాయి. స్కేలు, ఉత్తర దిశ, యూటీఎం గళ్లు, ప్రతి పొర తేదీ, ఏ నెలకు చేసిన లెక్కో మూలన వేయండి.

చౌకీకీ, గుట్టకూ కల్పిత పేర్లు పెట్టండి. ప్రతి పేజీ నడుమ పెద్ద అక్షరాల్లో, కత్తిరించినా పోని చోట, "కల్పిత అభ్యాసం" అని ముద్ర వేయండి. గండికోట మీద బాణాలు గీసిన మ్యాపు ఒకటి వాట్సాప్‌లో పడితే, సాయంత్రానికి అది జమ్మలమడుగు టీ కొట్టులో వార్తయి కూర్చుంటుంది.